పొట్లాల్లో వచ్చిన అక్క

మా తమ్ముడి కూతురు స్టెఫీ పోయిన నెలలో ఏలూరు వచ్చి, కాఫీ అయినా తాగకుండా, "అత్తయ్యా, నాన్నమ్మ చేసిన కాగితం బుట్ట ఇంకా ఉందాండీ?" అని అడిగింది. ఉందన్నాను. అటకమీద పాత దుప్పట్లో చుట్టి దాచానని మాత్రం చెప్పలేదు. ఎవరో చెప్తే విని వచ్చింది, చూసి పోతుందిలే అనుకున్నాను. తీరా చూస్తే దానికి కావలసింది చూడడం కాదు, కోయడం. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదివి, చదువు అయిపోయినా కాలేజీని వదలకుండా పరిశోధన అంటూ అక్కడే ఉండిపోయిన పిల్ల అది. కొల్లేటి చేపల్ని ఐసు వేసి పై రాష్ట్రాలకు పంపుతారే, ఆ థర్మాకోల్ పెట్టెలకు బదులు చిత్తుకాగితాల గుజ్జుతో పెట్టెలు చేయాలని దాని పట్టుదల. "తడికి ఆగట్లేదత్తయ్యా. ఐసు పెట్టిన పూటకే మెత్తబడిపోతున్నాయి. నాన్నమ్మ బుట్టలో తడి ఉల్లిపాయలు పోసినా ఏమీ అయ్యేది కాదని నాన్న చెప్పారు. అందులో ఏం కలిపారో, ఎలా పట్టిందో పరీక్ష చేస్తాను. చిన్న ముక్క చాలండీ, అరచేతిలో సగం" అంది. ఆలోచించి చెప్తానన్నాను. "బుట్టకి ఆలోచనేంటండీ?" అని మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. దాని తప్పేమీ లేదు. ఆ బుట్ట దేనితో చేశారో మా తమ్ముడికే తెలియదు, వాడు అప్పటికి పుట్టలేదు. తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను.

మా అమ్మ కలిదిండి వైపు పిల్ల. అక్కడ కొత్త చేట వచ్చినా, కొత్త బుట్ట వచ్చినా, దాని సందులు పూడేలా కాగితం గుజ్జు పట్టించనిదే వాడేవారు కాదు. నాన్నను చేసుకుని ఏలూరు వచ్చాక ఆ అలవాటును వెంట తెచ్చుకుంది. నాన్న మిషను బడిలో మాస్టారు. కాలవకు దగ్గరలో, తివాచీలు నేసేవాళ్ళ ఇళ్ళ వెనక, రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్ళం. ఆ ఇంట్లో పారేయడం అనే పని ఉండేది కాదు. తివాచీల వాళ్ళ ఉన్ని తుక్కు మా తలగడల్లోకి వచ్చేది. అమ్మ చీరలు బొంతలయ్యేవి. నాన్న దిద్దేసిన పరీక్ష కాగితాలు బడివాళ్ళు ఇక అక్కర్లేదన్నాక మా పెరట్లో గోళెంలోకి చేరేవి. ఒక్క బైబిలు కాగితాలు, పాటల కాగితాలు మాత్రం అందులో పడకూడదు. వాడి వాడి చిరిగిపోయిన బైబిళ్ళను అమ్మ ఒక పెట్టెలో దాచి, పేటలో ఎవరైనా పెద్దవాళ్ళు పోతే శవపేటికలో వాళ్ళ తలకింద పెట్టించేది. మిగతా కాగితమంతా నీళ్ళలో నాని, రోజూ నీళ్ళు మారుస్తూ మారుస్తూ ముద్దగా అయ్యాక, నానబెట్టిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బేది. మెంతుల చేదు, నానిన కాగితం మురుగు, కరిగిన సిరా, అన్నీ కలిసిన వాసన అది. దాన్ని చెప్పమంటే చెప్పలేను కానీ ఇప్పటికీ ఎవరింట్లోనైనా మెంతులు నానేసి ఉంటే గుమ్మంలోనే పసిగడతాను. బోర్లించిన కుండమీద తడిగుడ్డ పరిచి, ఆ గుజ్జును అరచేత్తో తట్టి తట్టి పట్టించి, నీడలో ఆరబెట్టి, కుండ తీసేసి లోపల మళ్ళీ పూసేది. ఎండాక చేత్తో కొడితే చెక్కలా మోగేది.

మా అక్క పేరు సుగుణ. నాకూ దానికీ బాగా ఎడం ఉండేది. నేను పలక వదిలి పుస్తకం పట్టేటప్పటికి అది పదో తరగతికి వచ్చేసింది. ఇద్దరికీ అక్షరాలు నేర్పింది నాన్నే. వెనక కూర్చుని, మా పిడికిలిని ఆయన పిడికిట్లో పెట్టుకుని దిద్దించేవారు. అందుకని మా ఇంట్లో అందరి రాతా ఒక్క తీరే, గుండ్రంగా, కొంచెం కుడికి వాలి ఉండేది. అక్కకు ఒక్కటే చెడ్డ అలవాటు, కాగితం పొదుపు. పుస్తకంలో మార్జిను వదిలేది కాదు. అంచు నుంచి అంచు దాకా, పైనా కిందా చోటు లేకుండా రాసేది. "మార్జిను వదలమ్మా, దిద్దేవాడికి చోటుండాలి కదా" అని నాన్న మొత్తుకునేవారు. "దిద్దేవాళ్ళు తప్పులుంటే కదా దిద్దేది" అనేది అది. అంత పొగరు దానికి. ఆ పొగరంటే నాకు భలే ఇష్టం.

ఆ ఏడే వానాకాలంలో అక్క టైఫాయిడ్‌తో పోయింది. ఆ సంగతి ఇంతకంటే రాయను, రాయలేను. పోయినవాళ్ళ ఇంట్లో ప్రార్థనకు కూడే ఆదరణ కూటానికి ముందు ఇల్లు వెల్ల వేయించాలని కలిదిండి నుంచి పెద్దవాళ్ళు వచ్చారు. పోయినపిల్ల వస్తువులు కళ్ళెదుట ఉంటే తల్లి తేరుకోదని మా మేనత్త పట్టుబట్టింది. బట్టలు గుడికి వచ్చే పిల్లలకిచ్చేశారు. పుస్తకాలు మాత్రం ఎవరికిస్తారు? బడికి పోతే నాన్న రోజూ వాటినే చూడాలి. కాల్చడానికి ఎవరికీ చేతులు రాలేదు. అమ్మ లోపల మంచానికి అతుక్కుపోయి ఉండగా, నాన్నే ఆ పుస్తకాలన్నీ సైకిలు వెనక కట్టుకుని బజార్లో పాత కాగితాలు కొనే కొట్లో వేసి వచ్చారు. ఏడెనిమిదేళ్ళుగా అది రాసిన ప్రతి ముక్కా అందులో పోయింది. తిరిగొచ్చి చేతులు కడుక్కున్నారు, చాలాసేపు కడుక్కున్నారు. అమ్మకు ఆ సంగతి తర్వాత తెలిసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేదని నాన్న ఎన్నోసార్లు అనుకుని ఉంటారు.

వానలు వెనకబట్టాక ఒక సాయంకాలం కాలవ వంతెన దగ్గర బండిమీద వేయించిన శనగలు కొనుక్కుని తింటూ ఇంటికొచ్చాను. తినడం అయ్యాక పొట్లం విప్పి, ఎప్పటిలా అందులో ఏముందో చదవబోయాను. పువ్వు బొమ్మ ఉంది. దాని చుట్టూ ఆకర్షక పత్రాలు, రక్షక పత్రాలు అని బాణాలు. నూనె అంటి వెనకవైపు అక్షరాలు కూడా ఇటు కనిపిస్తున్నాయి. అది అక్క రాత. నేను అరిచానో ఏమో గుర్తులేదు. అమ్మ వచ్చి కాగితం తీసుకుంది. ముడతలు సాపు చేసి, కొంగుతో నూనె అద్ది, దీపం దగ్గర పెట్టి చూసింది. ఆ రోజు మొదటిసారి మంచం మీద కాకుండా వంటింట్లో కూర్చుని అన్నం తింది. నాన్న పీటమీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉండిపోయారు.

మర్నాటినుంచి అమ్మ బజారుకు వెళ్ళడం మొదలుపెట్టింది. గుడికి తప్ప గడప దాటని మనిషి. పాత కాగితాల కొట్టాయన దగ్గరికి వెళితే, "వచ్చినవి వచ్చినట్టే పోతాయమ్మా, శనగల బళ్ళకీ, కిరాణా కొట్లకీ ఇచ్చేస్తాం, ఇక్కడేం ఉండవు" అన్నాడు. అంతే, ఇక ఏ కొట్టూ వదల్లేదు. చింతపండు ఒకచోట, బెల్లం ఒకచోట, ఆవాలు ఒకచోట, ఎక్కడా కావలసినంత కొనదు, ఒక్కొక్క పొట్లం కడుతుంటే చూసి, పైనున్న కాగితం కాదు, ఆ కిందిది అని అడుగుతుంది. కొట్లవాళ్ళకు నెమ్మదిగా సంగతి తెలిసింది. ఎవరూ విసుక్కోలేదు. "అమ్మగారూ, ఇదిగో, మీ అమ్మాయిగారిది ఒకటి వచ్చిందండీ" అని విడిగా తీసిపెట్టేవారు. మా వంటింటి గూట్లో చిన్నచిన్న కుప్పలు పేరుకున్నాయి, ఎవరూ తినని శనగలు, చీమలు పట్టిన బెల్లం. సాయంకాలం నేను బడినుంచి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి, "ఇవ్వాళ సాంఘికం వచ్చిందే" అనేది. మరో రోజు, "లెక్కలొచ్చాయి, సగమే, మిగతా సగం రేపొస్తుంది" అనేది. వచ్చిందని అనేది కానీ దొరికిందని అనేది కాదు. అక్క ముక్కలు ముక్కలుగా ఇంటికి నడిచి వస్తున్నట్టు ఉండేది నాకు. భయంతో చచ్చేదాన్ని. బడిలో స్నేహితురాళ్ళు జామకాయ ముక్కలు పొట్లంలో పెట్టి ఇస్తే, విప్పకుండా పారేసేదాన్ని. దుప్పటి తలమీదికి లాక్కున్నా, ఆ గూట్లో కాగితాలు గాలికి కదిలే చప్పుడు వినిపించేది. మెల్లిగా పుస్తకం పేజీ తిప్పినట్టే ఉండేది ఆ చప్పుడు.

పండగల రోజులు వచ్చేసరికి కాగితాలు ఆగిపోయాయి. ఉన్నవన్నీ అయిపోయి ఉంటాయి, లేదా ఊరు దాటిపోయి ఉంటాయి. అమ్మ తిరిగి తిరిగి, ఉత్త చేతులతో వచ్చేది. క్రిస్మస్‌కు గుడికి కూడా రాలేదు. మళ్ళీ మంచమెక్కింది. అన్నం కలిపి పెడితే నోట్లో పెట్టుకుని మింగేది కాదు. డాక్టరుగారు చూసి, మందుకు లొంగే జబ్బు కాదు మాస్టారూ, మనిషికి బతకాలని ఉండాలి కదా అన్నారు. ఆ మాటలు గుమ్మం దగ్గర నేను విన్నాను. ఇంట్లో రెండో మనిషి కూడా పోతుందని, నేనూ నాన్నా మిగులుతామని అనుకున్నాను. చిన్నపిల్లలకు ఇలాంటివి తెలియవనుకుంటారు పెద్దవాళ్ళు.

అప్పుడే ఒకరోజు నాన్న చింతపండు పొట్లం తెచ్చి, అమ్మ మంచం పక్కన పెట్టి, ఏమీ తెలియనట్టు పెరట్లోకి వెళ్ళిపోయారు. దానిమీద అక్క రాత ఉంది. తెలుగు పాఠం. అమ్మ లేచి కూర్చుంది. ఆ వారంలో ఇంకొకటి, తర్వాతి వారంలో ఇంకొకటి, సందు చివర కొట్లో, వంతెన దగ్గర బండిమీద, అప్పుడప్పుడూ మళ్ళీ రావడం మొదలుపెట్టాయి. అమ్మ మళ్ళీ చెప్పులు తొడుక్కుంది. బడి వదిలాక నాన్న ఆలస్యంగా వస్తున్నారని, వేళ్ళకు సిరా మరకలతో వస్తున్నారని నేను గమనించాను కానీ మాస్టారి వేళ్ళకు సిరా కాక ఇంకేముంటుంది? ఒకరోజు మాత్రం సందు చివర కొట్టు వెనకవైపు నిలబడి నాన్న కొట్టాయనకు ఒక చిన్న కాగితాల మడత అందిస్తూ కనిపించారు. కొట్టాయన దాన్ని కళ్ళకద్దుకుని గల్లాపెట్టె కింద పెట్టుకున్నాడు. పరుగెత్తుకుంటూ వెళ్ళి అమ్మతో చెప్పేశాను.

అమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "తెలుసే" అంది.

"అవి అక్కవి కాదమ్మా, నాన్న..."

"తెలుసంటున్నాగా. అక్క ఎప్పుడైనా మార్జిను వదిలిందా? ఈ కాగితాలన్నిటికీ మార్జినుంది. ఎంత బాగా రాసినా మీ నాన్నకి మార్జిను వదలకుండా చెయ్యాడదు. మొదటి కాగితంలోనే చూశాను." కాసేపు రాళ్ళు ఏరి, "నాన్నతో అనకేం. నేను బజారుకెళ్ళడం మానేస్తే, ఆయన రాయడం మానేస్తారు. మానేస్తే ఆయనేం అవుతారో" అంది.

అప్పుడు నాకు అర్థమైంది. ఆవిడను బతికించడానికి ఆయన రాస్తున్నారు. ఆయనను బతికించడానికి ఈవిడ నడుస్తోంది. ఎవరికి వారు రెండోవాళ్ళకు తెలియదనుకుంటున్నారు. వాళ్ళిద్దరి మధ్యా పోయిన మనిషి రాతను పెట్టుకుని, నిజం కానిదాన్ని నిజంలా చేతులు మార్చుకుంటున్నారు. ఆ ఇంట్లో దెయ్యం ఉందంటే ఇప్పుడైనా నమ్ముతాను. కానీ అది అక్క కాదు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున్న అమ్మ గూట్లోంచి కాగితాలన్నీ తీసి పెరట్లో పోసింది. గోళెం కడిగి నీళ్ళు పట్టింది. ఆదివారం, గుడికి ఇంకా వేళ కాలేదు. నాన్న బొత్తాలు పెట్టుకుంటూ వచ్చి చూసి అక్కడే నిలబడిపోయారు. అమ్మ కింద కూర్చుని కాగితాలు చింపుతోంది. అక్కవీ, ఆయనవీ, వేరు చేయలేదు. నేను వేరు చేయబోతే నా చేతిమీద చిన్నగా కొట్టింది. నాన్న చొక్కా విప్పి దండెం మీద వేసి, ఆవిడ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒక కాగితం తీసుకున్నారు, చింపలేకపోయారు. అది ఎవరిదో నేను చూడలేదు, చూసినా చెప్పను.

"చింపండి" అంది అమ్మ. "ఎన్నాళ్ళని తిరుగుతాం, ఇద్దరం. పిల్ల ఇంట్లోనే ఉంటుంది, చింపండి."

నాన్న తలెత్తి ఆవిడను చూశారు. ఆవిడకు తెలుసునని ఆయనకు ఆ క్షణంలో తెలిసింది. ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. చింపారు. ఇద్దరూ పొద్దెక్కేదాకా అలా చింపుతూనే ఉన్నారు, గుడి గంట కొట్టినా లేవలేదు. ఆ నీళ్ళు మొదటిరోజు నీలంగా ఉన్నాయి. నీళ్ళు మార్చిన ప్రతిసారీ ఆ నీలం కొంచెం కొంచెం పోయింది. అమ్మ ఆ నీళ్ళను మురుక్కాలవలో పోయలేదు, పెరట్లో బెండ మొక్కలకు పోసింది. రోట్లో మెంతులతో రుబ్బుతుంటే పొత్రం నాన్న పట్టుకున్నారు. అలా తయారైంది ఆ బుట్ట. మరుసటేడు తమ్ముడు పుట్టాడు. తర్వాత ఎప్పటికో వాడికి కూతురు పుడితే దానికి సుగుణ అని పేరు పెట్టించింది అమ్మ. వాడు దానికి ముందు స్టెఫీ అని తగిలించాడు, అది వేరే సంగతి.

స్టెఫీ కోపం తగ్గేలా లేదని, పోయిన వారం బుట్టను సంచిలో పెట్టుకుని తాడేపల్లిగూడెం బస్సెక్కాను. ఇవ్వకూడదని నిర్ణయించుకునే వెళ్ళాను, చూపించి తెచ్చేసుకుందామని. రైసుమిల్లుల వెనక ఒక రేకుల షెడ్డులో దాని పని. గోడమీద సుస్థిర ఉత్పత్తి, పునర్వినియోగం అని పెద్దక్షరాలతో రాసిన బోర్డు. మా అమ్మ చూస్తే, ఇంతేనా, దీనికింత పేరెందుకే అనేది. లోపల గోనెల్లో స్కూలు పుస్తకాలు. సగం పేజీలు తెల్లగానే ఉన్నాయి వాటిలో. ఒక్క కాగితాన్ని రెండువైపులా అంచులదాకా నింపి, దానిలో శనగలు కట్టి, ఆ తర్వాత బుట్ట చేసుకున్న ఇల్లు మాది. ఈ పిల్లలు రాయకముందే పారేస్తున్నారు. అలా అని ఈ కాలాన్ని తిట్టబుద్ధి కాలేదు. మొన్న ఎవరో పోతే కలిదిండి వెళ్ళాను. అమ్మ పుట్టిన ఊరి చుట్టూ ఇప్పుడు పొలమన్నదే లేదు, చేపల చెరువులే. గట్ల పొడుగునా విరిగిన థర్మాకోల్ తెల్లగా తేలుతోంది. కొంగలు దాన్ని పొడిచి చూస్తున్నాయి. వాటి కోసమైనా ఈ పిల్ల పని నెగ్గాలి.

షెడ్డులో ఆడవాళ్ళు కూర్చుని పుస్తకాల అట్టలు పీకి, కాగితాలు చింపి తొట్టిలో వేస్తున్నారు. నేనూ కూర్చున్నాను. కాసేపటికి నా చేతులు ఆగిపోయి, ప్రతి కాగితాన్నీ తిప్పి తిప్పి చూస్తున్నానని నాకే తెలియలేదు. పక్కనావిడ నవ్వి, "మొదట్లో నేనూ చదివేదాన్నండీ. పిల్లల పేర్లు కనబడితే చింపబుద్దయ్యేది కాదండీ. మరి చదువుతా కూర్చుంటే అవదు కదండీ" అంది. స్టెఫీ బ్లేడు తెచ్చింది. అప్పుడు దానికి చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పినదంతా. విని, బ్లేడు పక్కన పెట్టేసింది.

"వద్దత్తయ్యా. నేను ఇంకేదో చూసుకుంటాను. ఇది మీరు దాచుకోండి."

ఆ మాటతో నాకు ఒకటి తట్టింది. అమ్మ దీన్ని ఒక్కనాడూ దాచుకోలేదు. చివరిదాకా ఉల్లిపాయలు పోసుకుంది, పిల్లలు దానిమీద దరువేస్తే ఊరుకుంది. దుప్పట్లో చుట్టి అటకెక్కించింది నేను. ఇంట్లో ఉండాలని చేసినదాన్ని సమాధిలో పెట్టినట్టు పెట్టాను. బ్లేడు తీసుకుని అంచున నేనే కోశాను. కోస్తుంటే, లోపలెక్కడైనా ఒక్క అక్షరమైనా మిగిలి ఉంటుందేమోనని వంగి చూశాను. ఏమీ లేదు. బూడిదరంగు పీచు, అక్కడక్కడ మెంతి పొట్టు. "ఇందులో పెద్దత్తయ్యవి ఏవి, తాతయ్యవి ఏవి అని తెలుసుకునే దారి లేదా?" అంది స్టెఫీ. తెలియకుండా ఉండాలనే కదా మీ నాన్నమ్మ కలిపి రుబ్బింది అన్నాను.

నిన్న వచ్చింది. మెంతులు నిజంగానే పనిచేస్తున్నాయట, కానీ అన్ని పెట్టెలకు అన్ని మెంతులు ఎక్కడనుంచి తేవాలో తెలియక తల పట్టుకుంది. మెంతుల్లోని జిగురు సంగతేదో తేలితే ఇంకోదానితో చేయొచ్చట. లేచి వెళ్ళబోతూ సంచిలోంచి ఒక చిన్న కాగితం తీసి నా చేతిలో పెట్టింది. పరీక్ష అయ్యాక మెత్తబడిన ముక్కను పారేయలేక, జల్లెట్లో పరిచి, నొక్కి, ఆరబెట్టిందట. అరచెయ్యంత ఉంది, గరుకుగా, లేత బూడిదరంగులో.

అది వెళ్ళాక దాన్ని బల్లమీద పెట్టుకుని కూర్చున్నాను. నలభై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్తూ బోర్డులమీద సుద్దముక్కతో రాసి రాసి నా రాత ఎప్పుడో పాడైపోయింది, పిల్లలు కోడిగీతలనేవారు. కలం తీసుకుని అక్క పేరు రాయబోయాను. ఆ గరుకుమీద కలం జారదు, పీచు పట్టుకుంటుంది. ఒక్కొక్క వంపు ఆగి ఆగి, పిడికిలిని ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు, పలకమీద దిద్దినట్టు రాయాల్సి వచ్చింది. రాయడం అయ్యాక కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. గుండ్రంగా, కొంచెం కుడికి వాలి, సుగుణ అని ఉంది. అది నా రాత కాదు. అమ్మ ఉండి ఉంటే ఆ కాగితాన్ని నా చేతిలోంచి లాక్కుని, "ఇది ఏ కొట్లో ఇచ్చారే?" అని అడిగి, చెప్పుల కోసం వెతుక్కునేది.